ఫిట్స్ మాత్ర పడక దద్దుర్లు వస్తే... మా చిన్నికి

చిన్నీ,

ఫోటో చూశాను. ఛాతీ మీదా వీపు మీదా ఎర్రగా చిన్న చిన్న దద్దుర్లు, అదీ టెగ్రెటాల్ మొదలుపెట్టిన మూడో వారంలో. ఎండలకి వేడి చేసిందని మీ అత్తగారు అన్నారట. మజ్జిగ తాగితే తప్పేం లేదు, తాగు. కానీ కొత్తగా ఫిట్స్ మందు మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద ఏం కనపడినా ముందు ఆ మందునే అనుమానించాలి, కాదని తేల్చాల్సింది డాక్టరు.

అందుకని ఇది చదవడం ఆపైనా సరే, రాత్రి మాత్ర టైమ్ అయ్యేలోపు మీ న్యూరాలజిస్టుకి ఫోన్ చెయ్యి. వేసుకుంటూ పోతే దద్దుర్లు ముదరొచ్చు, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావొచ్చు, రెండూ ప్రాణం మీదికొచ్చేవే. డాక్టరైతే ఇది ఆపించి, వెంటనే దాని బదులు లెవెటిరాసెటమ్ (లెవిపిల్ అని అమ్ముతారు) లాంటిదో, క్లోబజామో మొదలుపెడతారు. ఆపడం, బదులివ్వడం ఒక్కచోటే తేలాలి.

ఫోన్ ఎత్తేదాకా కూడా ఆగకూడని లక్షణాలున్నాయి: జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడి మంట, మొహం ఉబ్బడం, మెడ దగ్గర బిళ్లలు కట్టడం, పొక్కులు లేవడం, చర్మం ముట్టుకుంటే నొప్పి. దురద కన్నా నొప్పికి ఎక్కువ భయపడాలి. వీటిలో ఏ ఒక్కటున్నా తర్వాతి మాత్ర వేసుకోకుండా, మాత్రల అట్టా మందుల చీటీ చేత్తో పట్టుకుని, న్యూరాలజీ డాక్టరూ చర్మం డాక్టరూ ఇద్దరూ ఉండే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లిపో. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అని ఒకటుంది, చర్మం కాలినట్టు ఊడొస్తుంది. డ్రెస్ అని ఇంకోటి, అది లోపల లివర్‌ని పట్టుకుంటుంది, అందుకే రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (ఒకరకం తెల్లరక్తకణాలు), లివర్ రెండూ చూస్తారు. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు, ఎక్కువమందికి మందు మార్చాక తగ్గిపోయే మామూలు దద్దుర్లే.

మన ఊళ్లలో అసలు చిక్కేంటంటే, జ్వరమూ ఒంటి నిండా ఎరుపూ కనపడితే అమ్మవారు పోసిందని వేపాకు మీద పడుకోబెట్టి, మందూ మాకూ దగ్గరికి రానివ్వరు. మొక్కుకోండి, కాదన్ను, ఆసుపత్రికి వెళ్లొచ్చాక. ఇంకొందరు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది వేయించుకుని సెట్రిజిన్ మింగుతారు, దురద కాస్త తగ్గగానే నయమైందనుకుని అసలు మాత్ర కంటిన్యూ చేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మరో మాట. నాకు ఎప్టాయిన్ పడలేదన్న సంగతి మీ అమ్మకి తెలుసు, నీ డాక్టరుకి ఎవరైనా చెప్పారా? రక్తసంబంధీకులకి ఇలా అయిందంటే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. ఎప్టాయిన్‌లో ఉండేది ఫెనిటాయిన్, నీ దాంట్లో కార్బమజపిన్, గార్డినాల్‌లో ఫినోబార్బిటోన్. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటే. ఒకటి పడనివాళ్లకి మిగతావి కూడా పడకపోయే అవకాశం చాలా ఎక్కువ. ఇంకో ఫిట్స్ మందు లామోట్రిజిన్‌తో కూడా దద్దుర్ల భయముంది, అందుకే పెద్దవాళ్లకి కూడా మామూలుగా 25 మిల్లీగ్రాములతో మొదలెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు, పక్కన మరో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ ఉంటే ఇంకా మెల్లగా. త్వరగా గుణం కనపడాలని డోసు పెంచమని డాక్టర్ని తొందరపెట్టకు. వాల్‌ప్రోయేట్‌కి చర్మంతో పేచీ తక్కువే గానీ, నువ్వు పిల్లల కోసం చూస్తున్నావు కదా, కడుపులో బిడ్డకి అది మంచిది కాదు, ఈ సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పు.

కార్బమజపిన్ ఇచ్చేముందు ఆసియా మూలాలున్నవాళ్లకి హెచ్‌ఎల్‌ఏ-బి 1502 జన్యువు పరీక్ష చేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. ఆ జన్యువు ఉన్నవాళ్లకి ఈ మందుతో స్టీవెన్స్-జాన్సన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. నీకు ఆ పరీక్ష చేశారో లేదో అడుగు. అది లేదని వచ్చినంత మాత్రాన దద్దుర్లు రావని కాదు.

మందు నిజంగా పడలేదని డాక్టరు తేలిస్తే దాని పేరు జన్మంతా గుర్తుండాలి. బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు. అదే కార్బమజపిన్‌ని ఒక షాపులో టెగ్రెటాల్ అంటారు, ఇంకో షాపులో మజెటాల్ అంటారు, పైగా మొహం నరాల నొప్పికి వేరే డాక్టరు కూడా అదే రాస్తారు. ఇంకా పెద్ద సంగతి, ఫిట్ ఆగక నిన్ను క్యాజువాలిటీకి తీసుకెళ్తే అక్కడ చాలాచోట్ల నరంలోకి ఎక్కించే మందు ఫెనిటాయినే. అప్పుడు నువ్వు నోరు విప్పి చెప్పే స్థితిలో ఉండవు. ఏ మందులు పడవో డాక్టరు చేతే ఇంగ్లీషులో, పెద్దక్షరాలతో రాయించి ఒకటి నీ ఫోన్ కవరు వెనక పెట్టుకో, ఇంకోటి మీ ఆయన పర్సులో పెట్టు.

డాక్టరు ఏమన్నారో రాత్రికి చెప్పు, మెలకువగానే ఉంటాను.

పెద్దమ్మ