మీటర్‌లో 60 చూపిస్తోంది, మరి పాప పళ్ళకి గార ఏంటి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కనిగిరి పక్కన చిన్న టౌను. పంపు నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు, అందుకే రెండేళ్ళ నుంచి తాగడానికి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటున్నాం, వంటకి మాత్రం బోరు నీళ్ళే. మావారు టీడీఎస్ మీటర్ కొన్నారు, క్యాన్ నీళ్ళకి 60, బోరుకి 900 చూపిస్తోంది. మా పాపకి ఎనిమిదేళ్ళు, కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. క్యాన్ వాడే మోసం చేస్తున్నాడా? మా అత్తయ్య అయితే బోరు నీళ్ళే కాచి తాగండి చాలు అంటోంది.

జవాబు: పాపం ఆ క్యాన్ అబ్బాయిని ఇప్పుడే తిట్టకండమ్మా. ఏడెనిమిదేళ్ళకి బయటికొచ్చే ముందు పళ్ళ పైపొర చిగురు లోపల తయారయ్యేది మొదటి మూడు నాలుగేళ్ళలోనే, అంటే ఆ చారలు ఫ్లోరైడ్ వల్లే అయితే (అది కొన్ని ఊళ్ళ భూగర్భ నీళ్ళలో కరిగి ఉండే ఖనిజం, ఎక్కువైతే పళ్ళకి ఇలా గార పడుతుంది) అవి పాప పసిపిల్లగా ఉన్నప్పుడు తాగిన నీళ్ళవి, అప్పటికి మీ ఇంట్లో క్యాన్ లేదు కదా. మీ వైపు ఇది కొత్త సంగతి కూడా కాదు, ఫ్లోరైడ్‌తో ఎముకలు పాడవడం గురించి మన దేశంలో డాక్టర్లు మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా ఊళ్ళ గురించే, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోదే.

ఇక మీటర్ సంగతి. అది నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంచనా చెప్తుంది అంతే, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలీదు, క్రిములున్నాయో లేదో అసలే తెలీదు. 900 చూపించే బోరులో ఫ్లోరైడ్ తక్కువ ఉండొచ్చు, 500 చూపించే దాంట్లో ఎక్కువా ఉండొచ్చు. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన బీఐఎస్ (దేశంలో నాణ్యతా ప్రమాణాలు పెట్టే సంస్థ) లెక్క. అలాగని మీటర్ పారేయకండి, క్యాన్ ప్లాంట్‌లో నీళ్ళలోని ఉప్పుల్ని వడపోసే ఆర్వో మెంబ్రేన్ అనే పొర అరిగిందో లేదో అది బాగానే పట్టిస్తుంది, రోజూ 60 వచ్చే క్యాన్ ఒకరోజు 250 చూపిస్తే అప్పుడు ప్లాంట్ వాణ్ణి నిలదీయండి.

అత్తయ్యగారికి మెల్లిగా చెప్పండి, కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. నాకు అసలు భయం మీ వంట దగ్గరే. అన్నం, పప్పు, చారు, టీ అన్నీ బోరు నీళ్ళతోనే అయితే తాగేది క్యాన్ అయినా బోరులో ఉన్న ఫ్లోరైడ్ కొంత కడుపులోకి పోతూనే ఉంటుంది. బోరు నీళ్ళు స్నానానికి, అంట్లకి వాడుకోండి, వంటకి ఇంకో క్యాన్ వేయించుకోండి, ఖర్చే కానీ తప్పదు.

ఈలోపు ప్లాస్టిక్ సీసాని అదే నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి లీటరు బోరు నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో ఇవ్వండి, "ఫ్లోరైడ్ చూడండి" అని నోటితో అడగండి. క్యాన్ నీళ్ళు కూడా వేరే సీసాలో ఇస్తే మీ అనుమానమూ తీరుతుంది. క్రిముల టెస్టుకి మాత్రం సీసా వాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

పాప పళ్ళని ఉప్పు, బొగ్గు పెట్టి రుద్దించకండి, గార పోదు సరికదా పళ్ళు అరుగుతాయి. ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించండి. చిన్నోళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ గిన్నెలోకి మాత్రం ఈరోజు నుంచే బోరు నీళ్ళు పోనివ్వకండి.