కంచె ఎప్పుడు వేశాడో ముందు చెప్పండి

ప్రశ్న: చంద్రగిరి మండలంలో మా నాన్నగారికి ఆరెకరాల పట్టా మెట్ట ఉంది. ఆ బీడులో ఆయన బిందెలతో నీళ్లు మోసి వేప, చింత, ఎర్రచందనం పెంచి అడవిని చేశారు. 2014లో కాలం చేశారు. మరుసటి ఉగాది నాడు పక్క రైతు రెండెకరాలు కలుపుకుని కంచె వేశాడు. ఇప్పుడు చెట్లు కొడుతున్నాడు. మా భూమి అడవి అని అటవీ శాఖకు రాసిస్తే వాళ్లే ఖాళీ చేయిస్తారంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరమంతా చెట్ల గురించే. కేసును తేల్చేది మాత్రం కంచె వేసిన తేదీ. ముళ్లతీగ చింతమానులోకి దిగబడి, బెరడు దాన్ని మింగేసిన ఫోటో పంపారు. చెట్టు గాయం చూపాలని మీ తాపత్రయం. కంచె పాతదని నిరూపించడానికి అవతలి లాయరుకు ఆ ఫోటో చాలు.

1963 కాలపరిమితి చట్టం 65వ అధికరణం ప్రకారం, అతని స్వాధీనం మీకు ప్రతికూలమైన నాటి నుంచి, అంటే మీ హక్కును కాదని భూమిని తనదిగా పెట్టుకున్న నాటి నుంచి, 12 ఏళ్లలో దావా వేయాలి. గడువు దాటితే 27వ సెక్షన్ కింద మీ హక్కే పోతుంది. 2015 ఉగాది మార్చి 21. లెక్క మీరే వేసుకోండి. నోటీసులు, అర్జీలు, పోలీసు ఫిర్యాదులు ఈ గడువును ఆపవు. ఏటా తద్దినానికి వచ్చి ఆ కంచె పక్కనుంచే నడిచి వెళ్లారు, ఒక్క కాగితమూ పెట్టలేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

అటవీ శాఖకు మాత్రం అలా రాసివ్వకండి. యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే, అడవి భూమిని వేరే పనికి వాడకుండా కట్టడి చేసే 1980 అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని 1996 గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సవరణ తర్వాత కూడా, 2024 ఫిబ్రవరిలో ఆ అర్థాన్నే పాటించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మీ సంతకమే రేపు మీ చేతులు కట్టేస్తుంది. ఇద్దరు రైతుల మధ్య హక్కు తేల్చే అధికారం ఆ శాఖకు లేదు, కాబట్టి రెండెకరాలూ తిరిగి రావు.

హక్కు ప్రకటనకు, స్వాధీనానికి కలిపి సివిల్ దావా వేయండి. స్వాధీనంలో లేనివారికి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఒక్కటే చాలదు. చెట్లు కొట్టకుండా మధ్యంతర ఉత్తర్వు కోరండి. స్థలం చూసి రావడానికి కోర్టు నియమించే లాయరును, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను వేయించండి. సర్వేయరుతో హద్దులు కొలిపించి, నిలిచిన చెట్లూ నరికిన మొదళ్లూ లెక్కపెట్టి ఆయన నివేదిక ఇస్తారు. పాసుపుస్తకం, 1బి, అడంగల్ వంటి భూమి రికార్డుల నకళ్లు తీయండి. 2022లో జిల్లా విడిపోయింది కనుక పాత రికార్డుల కోసం చిత్తూరులోనూ వెతకండి. తోబుట్టువులుంటే వారినీ దావాలో చేర్చాలి.

ఆ రెండెకరాల్లో మేకలు తోలుకుంటానని అతను ఒకప్పుడు నాన్నగారిని అడిగాడని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ కేసుకు ప్రాణం అదే. అనుమతితో అడుగుపెట్టినవాడు ఎప్పటి నుంచి ఎదురు తిరిగాడో అతనే రుజువు చేసుకోవాలి. ఆ మాట జరిగినప్పుడు పక్కన ఎవరున్నారు? వాళ్లు బతికుండగానే వెళ్లి కలవండి.