ఈస్టరు ఉదయపు విందుకు తక్కువ ఖర్చుతో ఇంటి అలంకరణ: మా శ్రీకాకుళం ఇంటి అనుభవం

మీరు విజయనగరంలో రెండు గదుల అద్దె పోర్షనులో ఉంటున్నారని, ఈస్టరు ఆరాధన ముగిశాక సంఘం నుంచి పాతిక మంది వరకు మీ ఇంటికి అల్పాహారానికి వస్తారని, అలంకరణకూ కుర్చీలకూ కలిపి రూ.1,500కు మించి పెట్టలేరని వ్రాశారు. క్రిస్మస్‌కు కొన్న స్టారు, సీరియల్ లైట్లు, బెలూన్లు మళ్లీ వాడుకోవచ్చా అని కూడా అడిగారు. శ్రీకాకుళంలో మేము ఆరేళ్లుగా ఇదే విందును మా వీధి గదిలో, దాని ముందున్న వసారాలో పెడుతున్నాం కనుక, చేసిన తప్పులతో సహా తెలిసినది వ్రాస్తున్నాను.

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు: వాడకండి. క్రిస్మస్ అలంకరణ అంతా రాత్రి కోసం చేసేది; ఈస్టరు తెల్లవారుజాము పండుగ. మా సంఘంలో నాలుగు గంటలకే కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లి, అక్కడ పాటలు పాడి, ఆరాధన ముగించుకుని ఇంటికి చేరేసరికి ఎనిమిదవుతుంది, అప్పటికే ఎండ వసారాలోకి వచ్చి కూర్చుని ఉంటుంది. ఆ వెలుతురులో సీరియల్ లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా తెలియదు. మెరుపు కాగితాలు వెలవెలబోతాయి. మొదటి సంవత్సరం మేము కట్టిన బెలూన్లలో సగం, అతిథులు పళ్లేలు అందుకునే లోపే ఎండవేడికి ఒకటొకటిగా పేలిపోయి, ఉయ్యాలలో పడుకున్న పసివాణ్ణి లేపేశాయి. పగటి వెలుతురులో నిండుగా కనిపించేవి మూడే: తెల్లని గుడ్డ, పచ్చని ఆకు, పూలు. ఈ మూడూ మన దగ్గర చవకగానో ఊరికేనో దొరుకుతాయి.

ఇల్లంతా అలంకరించాలని చూడవద్దు. వచ్చినవారు ఎటువైపు తిరిగి కూర్చుంటారో ఆ ఒక్క గోడనూ, గుమ్మాన్నీ చూసుకుంటే చాలు. గోడకు మాత్రం టేపు అంటించకండి. మేము అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో రెండువైపులా అంటుకునే టేపుతో థర్మాకోల్ సిలువను అతికించాం. పీకినప్పుడు దానితోపాటు అరచేయంత రంగు ఊడివచ్చింది, ఖాళీ చేసేటప్పుడు ఓనరుగారు దాన్ని గుర్తుపెట్టుకుని అడ్వాన్సులో రూ.500 తగ్గించుకున్నారు. ఇప్పుడు కిటికీ ఊచ నుంచి ఎదుటి కిటికీ కర్టెన్ కమ్మీ వరకు సుతిలి తాడు బిగించి, దానిమీద తెల్లని పంచెలు వ్రేలాడదీస్తున్నాం. మా మామగారివి పాత పొందూరు ఖద్దరు పంచెలు నాలుగున్నాయి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తో వడికిన నూలుతో నేసే ఆ గుడ్డ ఎంత పాతదైతే అంత మెత్తగా జారుతుంది కనుక, పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కొన్న కర్టెన్లేవీ దాని ముందు నిలవవు. మీ ఇంట్లో ఖద్దరు లేకపోతే మామూలు నూలు పంచెలో, అంచులేని దుప్పట్లో తీసుకోండి. టెంట్ హౌస్ గుడ్డలు మాత్రం తేవద్దని నా సలహా. ఒకసారి మాకు అద్దెకు వచ్చిన తెల్లగుడ్డ మీద అంతకుముందు పెళ్లి సాంబారు మరక స్పష్టంగా కనిపించింది.

ఆ గుడ్డ మీద 'క్రీస్తు లేచెను' అన్న మాట ఉంటే మరే బొమ్మా అవసరం లేదు. ఇక్కడ తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. రంగు కాగితంలో అక్షరాన్ని కత్తిరిస్తే వత్తు విడి ముక్కగా వస్తుంది, దాన్ని వేరుగా గుచ్చాలి. రెండవ సంవత్సరం మేము అలాగే గుచ్చాం; ఫ్యాను గాలికి ర వత్తు ఎగిరి బల్లకింద పడింది, విందు పొడుగునా గోడ మీద 'కీస్తు లేచెను' అని ఉంది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, ప్రార్థన చేయడానికి లేచిన పాస్టరుగారు కళ్లు మూసుకునే ముందు ఆ గోడవైపు ఒక క్షణం ఎక్కువ చూశారు. అప్పటి నుంచి అన్నం పళ్లెం ఆనవాలుగా పెట్టి తెల్ల చార్టును గుండ్రంగా కత్తిరించి, ఒక్కో గుండ్రానికి ఒక్కో అక్షరాన్ని వత్తుతో సహా బ్రష్షుతో వ్రాసి, సుతిలికి బట్టల క్లిప్పులతో తగిలిస్తున్నాం. ఐదు గుండ్రాలు చాలు. మళ్లీ వచ్చే ఏటికి పనికివస్తాయి.

నన్ను అడిగితే అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసినది గోధుమ మొలకల మీద. గోధుమ గింజ భూమిలో పడి చావకపోతే ఒంటరిగానే ఉంటుందని, చస్తే విస్తారంగా ఫలిస్తుందని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మీకు తెలుసు. ఈస్టరు బల్ల మీద దానికి మించిన అలంకారం నాకు తోచదు. ఖర్చు అర కిలో గోధుమలు. మట్టల ఆదివారానికి (ఈస్టరుకు ముందు ఆదివారం) ముందురోజు రాత్రి వాటిని నానబెట్టి, ఆదివారం గుడి నుంచి వచ్చాక నీళ్లు వంపి తడిగుడ్డలో మూటకట్టండి. సోమవారం సాయంత్రానికి ప్రతి గింజకూ తెల్లని మొన కనిపిస్తుంది. అప్పుడు అడుగున చిల్లు పెట్టిన మట్టి మూకుళ్లలో తడిపిన కొబ్బరి పీచు పరిచి, గింజ పక్కన గింజ ఆనుకునేంత దగ్గరగా చల్లి, ఒకరోజు తడి గోనెపట్ట కప్పి ఉంచాలి. తరువాత నీడలోనే ఉంచి, మన ఎండలకు రోజుకు మూడుసార్లు చేత్తో నీళ్లు చిలకరిస్తే శనివారానికి బెత్తెడు ఎత్తున లేతపచ్చగా నిలబడతాయి. మొదటిసారి నేను చిల్లు లేని స్టీలు పళ్లెంలో వేసి, ప్రేమకొద్దీ నీళ్లు పోసి, బుధవారానికల్లా బూజు పట్టించాను. వేళ్లకు ఉండే తెల్లని నూగును చూసి బూజు అనుకుని పారేయకండి. నీళ్లు చిలకరించగానే అణిగిపోయేది నూగు, ముక్కుకు తగిలే వాసన వచ్చేది బూజు. గోధుమలు దొరకకపోతే చోళ్లు (రాగులు) చల్లవచ్చు, గడ్డి సన్నగా పొట్టిగా వస్తుంది. పెసలు మాత్రం పొడుగ్గా సాగి పండుగ నాటికి పక్కకు వాలిపోతాయి. పన్నెండు చిన్న మూకుళ్లు ఉంటే బల్లలన్నిటికీ సరిపోతాయి.

కొబ్బరాకు మన జిల్లాల్లో కొనవలసిన వస్తువు కాదు. మా జిల్లాలోని కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానం నుంచి మాకు తెలిసినవారు తెచ్చి ఇస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను అక్కడి తోటలను నేలమట్టం చేశాక రెండేళ్లు అడగడానికి మనసొప్పక, పక్కింటి చెట్టెక్కే మనిషికి రూ.100 ఇచ్చి రెండు మట్టలు కొట్టించుకున్నాం. మట్టను నడిమి ఈనె వెంట రెండుగా చీల్చి గుమ్మానికి రెండువైపులా నిలబెడితే వేరే ద్వారం కట్టనక్కరలేదు. ఆకులతో చిలకలు, చిన్న సిలువలు అల్లడం మీ వీధిలో పెద్దవాళ్లెవరికైనా వచ్చే ఉంటుంది, పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. ఆకు శనివారమే కోయించి తడి గోనెసంచిలో చుట్టి ఉంచితేనే ఆదివారానికి పచ్చగా ఉంటుంది. మట్టల ఆదివారం గుడిలో ఇచ్చిన మట్టలను ఇందుకు వాడే ముందు ఒకసారి ఆలోచించండి. మా బాప్టిస్టు సంఘంలో పట్టింపు లేదు గానీ, ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వారు ఆశీర్వదించిన మట్టలను ఇంట్లో సిలువ దగ్గర భద్రపరచి, తరువాతి సంవత్సరం శ్రమకాలం (ఈస్టరుకు ముందరి ఉపవాస దినాలు) మొదలయ్యే బూడిద బుధవారానికి కాల్చడం కోసం తిరిగి ఇస్తారు. అలాంటి అతిథులు ఉంటే అవి గుమ్మానికి వ్రేలాడుతూ కనిపించడం బాగుండదు.

పూల మీదే అసలు డబ్బు పోతుంది. ఫోటోల్లో కనిపించే ఈస్టరు లిల్లీ బాకా ఆకారంలో ఉండే వేరే పువ్వు. మీ విజయనగరం గంటస్తంభం పరిసరాల బజారులో లిల్లీ అని అడిగితే ఇచ్చేది నేలసంపెంగ. తెలుపూ వాసనా రెండూ ఉన్నాయి కనుక పేరు గురించి పేచీ పెట్టుకోకుండా దాన్నే కొనండి. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా వస్తుంది. ఆ వారంలో పెళ్లి ముహూర్తాలు ఉంటే పూల ధర ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి క్యాలెండరు చూసుకుని రెండు రోజుల ముందే పూలావిడకు చెప్పి ఉంచడం మంచిది. విచ్చినవి కాక మొగ్గలు ఎక్కువగా ఉన్నవి శనివారం సాయంత్రం తెచ్చి తడిగుడ్డలో ఉంచండి. మిగతా రంగుకు కాగితం పూలు (బోగన్‌విల్లియా) చాలు. నీళ్లు తక్కువైన ఎండాకాలంలోనే అవి విరగబూస్తాయి, కోసిన తరువాత కూడా పూటంతా వాడవు, ఎవరి ప్రహరీ మీద చూసినా అవే, అడిగి కోసుకోండి.

పిల్లల కోసం వసారా మూలలో, క్రీస్తు లేచాక ఖాళీ అయిన సమాధి బొమ్మ కడుతున్నాం. మూతి కాస్త విరిగిన పాత నీళ్లకుండను పక్కకు పడుకోబెట్టి, పైన తడి గోనెపట్ట కప్పి, దానిమీద ఇసుక, గులకరాళ్లు, మిగిలిన గోధుమ మొలకలు సర్దుతాం. పక్కకు దొర్లిన రాయి కోసం ఏటా వెతుక్కునేవాళ్లం. మూడేళ్ల కిందట అటక మీద మా అమ్మమ్మ తిరగలి పైరాయి కనిపించింది. గుండ్రంగా, గరుకుగా, నడుమ గింజలు పోసే కన్నంతో ఉన్న ఆ రాయిని కుండ మూతి పక్కన ఆనించగానే పిల్లలు చెప్పకుండానే కథ అందుకున్నారు. కుండలోపల ఒక తెల్ల రుమాలు మడతపెట్టి ఉంచండి. గోనెపట్ట దగ్గర కొవ్వొత్తి వెలిగించకండి. గుమ్మం ముందు ముగ్గు విషయంలో ఒక్కో ఇంటిది ఒక్కో అభిప్రాయం; మా అత్తగారు వేస్తారు, మా తోడికోడలు వేయదు, ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుని ఆరాధిస్తారు.

రంగు గుడ్లు మన పాత ఆచారం కాదు. పూర్వం పడమటి దేశాల్లో శ్రమకాలంలో గుడ్లు తినడం నిషేధం కావడంతో పోగుపడిన గుడ్లు పండుగనాడు బల్లమీదికి వచ్చేవి. అయినా పిల్లలకు సరదా కనుక ఒక అట్ట గుడ్లు కొంటాం, ఎలాగూ ఫలహారంలోకే పోతాయి. నాలుగు గుప్పెళ్ల ఉల్లిపొట్టు అరగంట మరిగించిన నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి ఫారం గుడ్లు ఉడికిస్తే ఎర్రమట్టి రంగు, పసుపుతో పసుపుపచ్చ రంగు వస్తాయి. శంఖుపూల నీళ్లలో మాత్రం వెనిగర్ వేయకండి, నీలం పోయి ఊదా అవుతుంది. శనివారం రాత్రి చేసి ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డించేటప్పుడే బయటకు తీయండి. మన వేడికి ఉడికిన గుడ్డు బల్లమీద గంటకు మించి ఉండకూడదు.

క్రితం సారి మాకు పూలు రూ.480, మూకుళ్లు రూ.120, కొబ్బరాకు కొట్టించిన కూలి రూ.100, తాడు, క్లిప్పులు రూ.90, చార్టులు రూ.60, మొత్తం రూ.850 అయింది. మీకు మిగిలే రూ.650లో కుర్చీల అద్దె, గుడ్లు సరిపోవాలి. శనివారం సాయంత్రానికే గుడ్డ, అక్షరాలు, కుండ ముగించి, పూలు మాత్రం ఉదయానికి వదలండి. మూడింటికి లేచేవారు అర్ధరాత్రి వరకు దండలు గుచ్చితే ఆరాధనలో కునుకుతారు, అది నా సొంత అనుభవమే. గుడ్లకు వేసిన పసుపు పంచె మీద పడితే కంగారు పడి బ్లీచింగ్ వేయకండి, ఉతికి డాబా మీద ఆరేస్తే ఏప్రిల్ ఎండకు ఆ మరక దానంతటదే వెలిసిపోతుంది.