వీడియో చూసి ప్రశ్నలకు జవాబు చెప్పే యంత్రానికి శబ్దం కూడా నేర్పాలా, బొమ్మ ఒక్కటీ చాలదా?

చాలదు. విశాఖపట్నంలో రెండేళ్లపాటు వీడియోలకు ప్రశ్నలూ జవాబులూ రాసే పని చేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఒకరోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో ఫోనుతో నిమిషం వీడియో తీశాను. బోటులోంచి దించిన వంజరం చేపల గంప, చుట్టూ పదిహేనుమంది, మధ్యలో వేలం వేసే మనిషి. "చివరి పాట ఎవరిది?" అని ప్రశ్న రాశాను. మా ఆఫీసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చినవారు పాట అంటే సినిమా పాట అనుకున్నారు! తెలుగు వీడియోకు తెలుగులోనే ప్రశ్న ఉంచండని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి "గంప ఎవరికి దక్కింది?" అని మార్చి రాశాను.

నీలం చొక్కా అతనికి అంది యంత్రం. అతని నోరు కదులుతున్న మాట నిజమే, కానీ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

అదే వీడియో మా అమ్మకు చూపించాను. ముప్పై ఏళ్లు ఆ హార్బరులోనే చేపలు కొని, కంచరపాలెం వీధుల్లో తిరిగి అమ్మిన మనిషి. ఒక్కసారి చూసి, "ఆ పెద్దావిడకు" అంది. ఎలా తెలిసిందంటే మళ్లీ పెట్టమంది. "రెండు వేల నాలుగు వందలు, అక్కకు రాయి" అంటాడు వేలం మనిషి. అక్కడ ఆడవాళ్లు ముగ్గురున్నారు. ఆ మాటకు సరిగ్గా ముందు వారిలో పెద్దావిడ గంప అంచును రెండు వేళ్లతో తట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. నోరు విప్పనే లేదు. ధర చెవికి తెలుస్తుంది, మనిషి కంటికి తెలుస్తుంది. రెండింటినీ ఆ క్షణం దగ్గర ముడివేస్తేనే జవాబు వస్తుంది.

యంత్రం సెకనుకు ఒక బొమ్మ చొప్పున తీసుకుంటోంది. ఆ తట్టడం రెండు బొమ్మల మధ్య జారిపోయింది. శబ్దాన్ని విడిగా చదివి చివర్లో కలుపుతోంది కనుక, ఏ మాట ఏ కదలికకు చెందిందో అప్పటికే చెదిరిపోయింది.

2022లో వచ్చిన మ్యూజిక్ ఏవీక్యూఏ అనే, వాద్యాలు వాయించే వీడియోల మీద ప్రశ్నల సేకరణలో 9,288 వీడియోలు, 45,867 ప్రశ్నలు, 22 రకాల వాద్యాలు ఉన్నాయి. ఎన్ని వాద్యాలు మోగుతున్నాయి, ముందు మోగింది ఏది అని అడుగుతారు. మంచి దారే. అయితే కచేరీలో వాయించేవారు కనిపించేలా కూర్చుంటారు. హార్బరులో సగం గొంతులు కెమెరా వెనకనుంచే వస్తాయి.

నా దృష్టిలో అసలు లోపం ప్రశ్నల్లోనే ఉంది. బొమ్మల మీద ప్రశ్నలతో 2015లో వచ్చిన వీక్యూఏ అనే సేకరణలో "ఏ ఆట" అని అడిగిన ప్రశ్నలకు బొమ్మ చూడకుండా టెన్నిస్ అన్నా 41 శాతం ఒప్పయ్యేవి. వీడియోలోనూ అదే జరుగుతుంది. ప్రతి ప్రశ్ననూ ఒకసారి కళ్లు మూసుకుని, ఒకసారి చెవులు మూసుకుని ప్రయత్నించాలి. ఏ ఒక్కదానితో జవాబు దొరికినా ఆ ప్రశ్నను తీసేయాలి. మాకు ప్రశ్నకింత అని లెక్కగట్టి ఇచ్చేవారు. అలా ఇస్తే "ఎంతమంది ఉన్నారు" అనే ప్రశ్నలే కుప్పలుగా వస్తాయి. గంప దగ్గర పది నిమిషాలు ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది?

ఇంకొక్క మాట. మన ఊరి వీడియోలు పెట్టేవారు దయచేసి వాటిమీద సినిమా పాటలు అతికించకండి. రామకృష్ణా బీచ్ వీడియోల్లో అలల చప్పుడు వినబడేవి వెతకడానికి నాకు ఒక వారం పట్టింది.