డంప్‌యార్డ్‌కి పంపకుండా ఇంటి చెత్త ఏం చెయ్యొచ్చు: మా ఫ్లాట్‌లో నాలుగేళ్ల అనుభవం

మీరు అడిగింది ఇదీ: "రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇచ్చినా ఆటోలో రెండూ కలిపి పడేస్తున్నారు. ఇక వేరు చేసి ఏం లాభం? డంప్‌యార్డ్‌కి పోకుండా వేరే దారి ఏదైనా ఉందా?"

ఉందండి. తడి చెత్తను ఇంట్లోనే బకెట్లలో ఎరువుగా మార్చుకోవడం. నాలుగేళ్లుగా మా ఇంట్లో చేస్తున్నదే చెప్తాను. మాదీ హైదరాబాదే. మూడో అంతస్తులో ఫ్లాట్. నేను, మావారు, అమ్మాయి, అత్తయ్య, మొత్తం నలుగురం. పెరడు లేదు. ఉన్నదల్లా బట్టలు ఆరేసుకునే చిన్న బాల్కనీ.

ముందు మీ మొదటి సందేహం. మా వీధిలోనూ అంతే, రెండు డబ్బాలూ ఒకే ఆటోలో ఒకేచోట బోర్లించడం నా కళ్లారా చూశాను. చాలా కోపం వచ్చింది, బాధ కూడా వేసింది. కానీ తర్వాత అర్థమైంది ఏంటంటే, కలిపేస్తున్నారు కాబట్టే తడి చెత్త మన ఇంటి గడప దాటకూడదు. తడి చెత్త బయటికి పోకపోతే, వాళ్లు కలపడానికి ఏమీ ఉండదు. మిగిలిన కాగితం, ప్లాస్టిక్, అట్ట శుభ్రంగా, పొడిగా ఉంటాయి. వాటిని కొనేవాళ్లు ఉన్నారు. అదే అట్టముక్క మీద పప్పుచారు పడిందంటే దాన్ని ఎవ్వరూ ముట్టుకోరు, నేరుగా కుప్పలోకే.

కుప్పలోకి పోతే ఏమవుతుందో ఒక్కమాట. నగరం చెత్త చాలావరకు చేరేది జవహర్‌నగర్ డంప్‌యార్డ్‌కి. 300 ఎకరాలకు పైగా స్థలం అది. కొండలా పేరుకున్న చెత్త కింద గాలి ఆడదు. గాలి ఆడని చోట కూరగాయల తొక్కలు కుళ్లితే మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా బలమైనది. కుప్పలు తగలబడటానికీ అదే కారణం. ఇక వాన నీళ్లు ఆ కుప్పలోంచి దిగి, నల్లటి కషాయంలా బయటికొస్తాయి. పక్కనున్న మల్కారం చెరువు పాడైంది దానివల్లే. అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, మంచిదే. కానీ తడి చెత్త సరిగ్గా మండదు, పొయ్యిలో పచ్చికట్టె పెట్టినట్టే ఉంటుంది. ఎటు తిప్పి చూసినా ముడి పడేది తడి చెత్త దగ్గరే.

నేను మొదలుపెట్టిన వారం ఒక పని చేశాను. వంటింటి తూకం మీద రోజూ చెత్త తూచాను. ఏడు రోజులకు మొత్తం 8 కిలోల చిల్లర. అందులో తడి చెత్తే 5.5 కిలోల పైన. మూడింట రెండు వంతులు! మీరూ ఒక వారం తూచి చూడండి. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ అంకెలే చెప్తాయి.

అత్తయ్య ఆ అంకె విని, "మా ఊళ్లో చెత్తబండే లేదమ్మా" అన్నారు. నిజమే కదా. బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి. అది గేదెకు. పేడ, ఊడ్చిన ఆకులు, పొయ్యిలో బూడిద పెంటకుప్ప మీదికి. ఎండాకాలం చివర బండ్లకెత్తి పొలానికి. ఇంట్లోంచి బయటికి 'పారేయడానికి' పోయేది ఏమీ ఉండేది కాదు. ఆ పెంటకుప్పనే నేను బకెట్‌లో పెట్టుకున్నాను, అంతే.

ఎలా చేశానో వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు మూడు తెచ్చాను. ఇనపచువ్వ వేడి చేసి చుట్టూ వేలెడు దూరంలో రంధ్రాలు, అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టాను. కింద పళ్లెం. అడుగున రెండు అంగుళాల మందం ఎండుటాకులు, కొబ్బరిపీచు. ఆ పైన రోజూ రాత్రి ఆ రోజు తొక్కలు వేసి, వేసినంత ఎండుటాకుల పొడి కప్పుతాను. ఆకులు మా అపార్ట్‌మెంట్ ముందున్న కానుగ చెట్టువే. వాచ్‌మన్ ఊడ్చి తగలబెట్టేవాడు, ఇప్పుడు గోనెసంచిలో నింపి నాకే ఇస్తున్నాడు. ఆకులు దొరకకపోతే కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) గానీ, వడ్రంగి దగ్గర రంపపు పొట్టు గానీ వాడండి. మొదటిసారి మాత్రం రెండు గరిటెల పుల్లమజ్జిగ చల్లాను. వారానికోసారి కర్రతో కింద మీద చేస్తాను.

తడి సరిపోయిందో లేదో తెలుసుకోవడం చాలా సులువు. పిడికెడు తీసి గట్టిగా పిండండి. చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్లు కారకూడదు. కారితే ఇంకో రెండు గుప్పిళ్ల ఆకులు. పొడిపొడిగా రాలితే కాసిని నీళ్లు. సరిగ్గా సాగుతుంటే మధ్యలో చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగులుతుంది. మొదటిసారి ఆ వెచ్చదనం తగిలిన రోజు అమ్మాయిని పిలిచి దాని చేత కూడా చెయ్యి పెట్టించాను.

మాకు ఒక బకెట్ నిండడానికి మూడు వారాలు పడుతుంది. వేస్తున్నకొద్దీ కుంగుతూ ఉంటుంది కాబట్టి అంతకంటే త్వరగా నిండదు. నిండింది ఆరు వారాలు పక్కన మగ్గాలి. అందుకే మూడు బకెట్లు. మూడోది నిండేసరికి మొదటిది దించుకోవచ్చు. అప్పటికి నల్లగా, టీపొడిలా, మాగిన ఆకుల వాసనతో ఉంటుంది. వానాకాలంలో ఇంకో రెండు వారాలు ఆలస్యమవుతుంది, కంగారు పడకండి.

ఏం వెయ్యాలి, ఏం వెయ్యకూడదు? తొక్కలు, కాడలు, టీపొడి, పూజ పూలు, గుడ్డు పెంకులు, మిగిలిన అన్నం కొద్దిగా. ఎముకలు, చేపముళ్లు, నూనె, పాలు ఫ్లాట్‌లో వద్దు, వాసన వస్తుంది. నిమ్మతొక్కలు కుప్పలుగా వెయ్యొద్దు. మామిడి టెంక ఆరు వారాల్లో కరగదు. నేను జల్లెడ పట్టి టెంకలను మళ్లీ కొత్త బకెట్‌లో వేస్తాను. కొబ్బరి చిప్పలు మాత్రం ఇస్త్రీ బండి అతనికి ఇచ్చేస్తాను, బొగ్గులతో కలిపి వాడుకుంటాడు.

ఇప్పుడు ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే మీరు రెండో నెలలో మానేస్తారు. నాకూ రెండో నెలలోనే వచ్చింది. జులైలో నాలుగు రోజులు ఏకధాటిగా వాన. ఇంట్లో పుచ్చకాయ తిని ఆ తొక్కలన్నీ ఒకేసారి వేశాను, పైగా మిగిలిన సాంబారు కూడా. ఆకులు తడిసిపోయాయని కప్పలేదు. మూడో రోజు పొద్దున చూస్తే బూడిదరంగు పురుగులు గోడెక్కి కింది ఫ్లాట్ బాల్కనీ దాకా పోయాయి. ఆంటీ పైకొచ్చి బాధపడ్డారు. నాకు ఒకటే టెన్షన్, ఓనర్‌కి తెలిస్తే ఏమంటారోనని. ఆ రోజు మొత్తం గోనెపట్టా మీద కుమ్మరించి, రంపపు పొట్టు బాగా కలిపి, మళ్లీ నింపి మూతకింద పాత కాటన్ గుడ్డ కట్టాను. మూడు రోజుల్లో వాసన పోయింది. ఆ పురుగులు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలని తర్వాత తెలిసింది. కుట్టవు, రోగాలు తేవు, చెత్తను మనకంటే వేగంగా తినేస్తాయి. అవి బయటికి పాకుతున్నాయంటే లోపల తడి ఎక్కువైందని అర్థం. రెండు నెలల తర్వాత ఆంటీకి ఒక కవర్ ఎరువు ఇచ్చాను, ఆవిడ కరివేపాకు మొక్కకు. ఇప్పుడు ఆవిడ తొక్కలు కూడా మా బకెట్లోకే వస్తున్నాయి.

మీరు అద్దెకుంటున్నారు కాబట్టి ఒక సలహా. బకెట్ కింద పళ్లెం తప్పనిసరి. గచ్చు మీద మరక పడిందంటే మాట పడాల్సి వస్తుంది.

పొడి చెత్త పెద్ద పని కాదు. కడగడం, ఆరబెట్టడం, దాచడం. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెగిపోకుండా వదిలేయండి. ఆ చిన్న ముక్కలను ఏరేవాళ్లు ఉండరు, కాలవల్లోకి పోయేవి అవే. రోజుకు రెండు చొప్పున నెలకు 60 ప్యాకెట్లు కడిగి తీగ మీద ఆరేస్తాను. పాత పేపర్లు కొనే అతను నెలకోసారి వచ్చి అట్టపెట్టెలు, పేపర్లు, డబ్బాలు, పాల కవర్లు అన్నీ తీసుకెళ్తాడు. డబ్బు కోసం బేరం చెయ్యను. ఊరి చెత్తలో సగం భారం మోస్తున్నది అలాంటి వాళ్లేనని నా నమ్మకం. వాళ్ల చేతికి శుభ్రమైనది ఇవ్వడం మన కనీస మర్యాద. పగిలిన గాజు, బ్లేడ్లు మాత్రం విడిగా అట్టలో చుట్టి, పైన రాసి ఇవ్వండి. చేతులు కోసుకుంటారు.

చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు ఎవరూ కొనరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం. ఇలాంటివాటిని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుకు బదులు వాడతారు. మీ దగ్గర్లో పొడి చెత్త సేకరణ కేంద్రం ఉంటే మూడు నెలలకోసారి ఒక సంచి తీసుకెళ్లి ఇవ్వండి. వీధిలో మాత్రం తగలబెట్టకండి, ఎవరైనా తగలబెడుతుంటే ఆపండి. ఆ పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి, అవి పీల్చేది మన పిల్లలే.

ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలగొట్టొద్దు. బ్యాటరీలు, పాత ఫోన్లు, చార్జర్లు ఒక డబ్బాలో వేసి ఉంచండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఒకేసారి ఇవ్వొచ్చు. పాత కాటన్ చీరలు అత్తయ్య బొంతలు కుట్టేస్తారు, ఇంట్లో మసిగుడ్డలూ వాటిలోంచే.

తప్పించలేకపోయినవి శానిటరీ ప్యాడ్లు, డైపర్లు. వీటికి ఇంటి దగ్గర దారి లేదు. కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. చేత్తో ఏరే మనిషికి తెలియాలి. నేను రెండేళ్ల కిందట ప్యాడ్లు మానేసి మెన్‌స్ట్రువల్ కప్పుకి మారాను, ఆ సంచి కూడా చాలా తగ్గింది. ఇవన్నీ పోగా ఆటోకి మేం ఇచ్చేది వారానికి కిలో లోపే.

మీ అపార్ట్‌మెంట్ పెద్దదైతే అసోసియేషన్‌తో మాట్లాడండి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పారు. పెద్ద ఎత్తున కుదరదంటే బోయిన్‌పల్లి మార్కెట్ సంగతి చెప్పండి. అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా బయోగ్యాస్ ప్లాంటు కట్టారు, క్యాంటీన్‌కి గ్యాస్ కూడా. టెక్నాలజీ మన తార్నాకలో ఉన్న ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థదే.

రేపే మూడు బకెట్లు కొనక్కర్లేదు. ఒక్కటి తెచ్చి టీపొడి, తొక్కలతో మొదలుపెట్టండి, పక్కనే ఒక సంచి ఎండుటాకులు సిద్ధంగా ఉంచుకోండి. ఇంట్లో ఎంతమంది, బాల్కనీలోకి వాన జల్లు కొడుతుందా అనేది కింద రాస్తే, బకెట్ ఎంతది కావాలో, ఎక్కడ పెట్టాలో చెప్తాను.