సొంతంగా ఫొటోలు తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు. చిత్తూరులో స్టూడియో ఉద్యోగం మానేసి సొంతంగా ఫొటోలు తీయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఏ లెన్సు కొనాలో మామయ్యను కనుక్కోమన్నావట. ఉన్నవాటితో ఈ ఏడాది గడిచిపోతుంది, డబ్బు దాచుకో. మన పనిలో మొదట నేర్చుకోవలసింది అడగడం. మొహమాటం లేకుండా, పని మొదలుకాక ముందే అడగడం.

పెళ్లి ఒప్పుకోగానే పురోహితుడితో మాట్లాడు. ఆనవాయితీలు ఇంటికొక తీరుగా ఉంటాయి. జీలకర్ర బెల్లం ఎన్ని గంటలకు, తెర ఎవరు పట్టుకుంటారు, తాళి కట్టేటప్పుడు వరుడు వధువుకు ఎదురుగా ఉంటాడా, వెనక నిలబడతాడా, ఇవన్నీ ఆయన నోటి నుంచే విను. గట్టిమేళం మొదలైందంటే అందరూ ఒక్కసారిగా లేస్తారు, అక్షతలు పడతాయి, బంధువుల ఫోన్లు నీ ముందు గోడ కడతాయి. అప్పుడు చోటు వెతుక్కుంటే దొరకదు. మంటపం పక్కన ముందే కాస్త కిందికి కూర్చుని ఉంటే, పెళ్లికూతురి ముఖం, ఆమె జడ పక్కకు జరిపి పట్టుకున్న ఆడపడుచు వేళ్లు, మూడో ముడి దగ్గర తడబడే వరుడి చేతులు, మూడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. ఆ చోటు నీకు కావాలని వీడియో తీసే అబ్బాయికి ముందే చెప్పు. అతనికి కావలసిన చోటు నువ్వు వదిలిపెట్టు. ఒకరి పనికి ఒకరు అడ్డం పడి పాడైన పెళ్లి ఫొటోలు చాలా చూశాను.

అక్షతలు గాలిలో గింజ గింజగా కనిపించాలంటే షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు దాకా వెళ్లాలి. కానీ కొన్ని హాళ్లలో ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి తెలియకుండా మిణుకుతాయి, ఫొటోలో అడ్డచారలు పడతాయి. ముందురోజు సాయంత్రం వెళ్లి దీపాలన్నీ వేయించి నాలుగు ఫొటోలు తీసి చూసుకో. చారలు వస్తే 1/100కు దిగాలి, లేదా ఆ దీపాలు ఆర్పడం కుదురుతుందేమో అలంకరణ వాళ్లను అడగాలి. తెల్లవారుజాము ముహూర్తమైతే ఇంకొక సంగతి. ఏసీ గదిలో పడుకుని లేచి కెమెరాతో నేరుగా బయటికి వస్తే, వానాకాలంలో లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. బయలుదేరడానికి అరగంట ముందే సంచి మూత తీయకుండా గది బయట పెట్టు.

ఇక డబ్బు. ఎందరో మంచి ఫొటోగ్రాఫర్లు ఇక్కడే నలిగిపోయారు. బంధువులైనా సరే, స్నేహితులైనా సరే, అడ్వాన్సు తీసుకోకుండా తేదీ ఖాయం చేయవద్దు. ఎన్ని గంటలు, ఎన్ని ఫొటోలు, ఆల్బమ్‌లో ఎన్ని పేజీలు, ఎప్పటికి ఇస్తావు, కుప్పమో మదనపల్లెనో వెళ్లాల్సి వస్తే ప్రయాణ ఖర్చు ఎవరిది, అన్నీ కాగితం మీద ఉండాలి. మిగతా డబ్బు ఆల్బమ్ ప్రింటుకు వెళ్లక ముందే రావాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. కాబట్టి నీ పేజీలో నాలుగు ఫొటోలు పెట్టుకోవాలంటే ఆ మాట ఒప్పందంలో రాయించు. రాయించినా సరే, పెట్టే ముందు పెళ్లికూతురిని విడిగా అడుగు. ఆమె తండ్రి సరేనన్నంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్లు కాదు.

కొండ మీద ఆలయంలోకి కెమెరా గానీ ఫోను గానీ తీసుకెళ్లనివ్వరని నీకు తెలుసు. తిరుమలలో డ్రోన్ ఎగరేయడమూ నిషేధమే. పైనుంచి ఒక్క షాటు కావాలని ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. రాజమహల్ ముందు జంటను నిలబెట్టి ట్రైపాడ్, దీపాలు పెట్టి తీయాలంటే అనుమతి ముందే తెచ్చుకోవాలి. గేటు దగ్గర వాదనకు దిగితే మంచి వెలుతురు కాస్తా పోతుంది.

మన తిరుపతి గంగమ్మ జాతర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ వరసగా వేషాలు వస్తాయి, చీర కట్టి పూలు పెట్టుకున్న మగవాళ్లు వీధి నిండా కనిపిస్తారు. బయటినుంచి వచ్చినవాళ్లు అదొక వింత అన్నట్లు ముఖం మీదికి లెన్సు పెడతారు. నాకు మనసు చివుక్కుమంటుంది. అది మొక్కు. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి, తల ఊపాకే కెమెరా ఎత్తు. వద్దంటే దించెయ్.

మన రాబడి పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢం, పుష్యం, మధ్యలో మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు. ఏడాది పంచాంగం కొని ఖాళీ నెలలకు ఇప్పుడే గుర్తు పెట్టుకో. ఆషాఢం వచ్చేసరికి చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి మామిడి పని జోరుగా ఉంటుంది. ఎగుమతి చేసేవాళ్లకు ఫొటోలు కావాలి, వెళ్లి అడుగు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకూ కావాలి. అక్కడ ఒక జాగ్రత్త. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు కాబట్టి బొమ్మల వెనక బట్ట రంగు తెలుపు కాదు, లేత మీగడ రంగు. రంగులు సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా దాన్ని తెల్లగా మార్చేస్తుంది. కొన్నవాళ్లు రంగు వేరుగా ఉందని వెనక్కి పంపితే నష్టపోయేది ఆ బట్ట మీద నెలల తరబడి కలం పట్టిన మనిషి. నీడలో పరిచి, రంగు సరిచూసుకోవడానికి బూడిదరంగు అట్ట, అదే గ్రే కార్డు, పెట్టి, వైట్ బ్యాలెన్స్ చేత్తో సరిచేసి తియ్యి.

ఫైళ్లు ఎప్పుడూ రెండు కార్డుల్లో రాయించు, ఇంటికి రాగానే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు. ఆల్బమ్ చేతికిచ్చేవరకు కార్డు చెరపవద్దు. ఒక డిస్కు మా ఇంట్లో పెట్టుకో, అత్తయ్య బీరువాలో చోటు ఉంది.

ఒప్పందం కాగితం రాశాక ఎవరికైనా ఇచ్చే ముందు నాకు పంపు, చదివి చెబుతాను. శ్రావణంలో తిరుచానూరులో ఒక పెళ్లి ఒప్పుకున్నాను, పెళ్లికూతురి గదిలో తీయడానికి నీలాంటి అమ్మాయి కావాలి. వస్తావా? వస్తే ఎంత తీసుకుంటావో ఇప్పుడే చెప్పు, మామయ్య కదా అని తగ్గించవద్దు.

మీ మామయ్య