1858లో పుట్టిన ముత్తాత జనన రికార్డు ఎందుకు దొరకట్లేదంటే

మీ ఆవిడ ముత్తాత జేమ్స్ గారు 1858 ప్రాంతంలో ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో పుట్టారన్నారు కదండీ, ప్రభుత్వ జనన రిజిస్టర్‌లో దొరకరు. ఐర్లండ్‌లో అందరి జననాలూ నమోదు చేయడం 1864లోనే మొదలైంది. కాథలిక్కులన్నారు కాబట్టి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) బాప్టిజం రిజిస్టర్లే దిక్కు. ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉచితమే, కానీ అక్కడ పేరుతో వెతకలేం, పారిష్‌వారీగా పేజీలు తిప్పాలి. చాలాచోట్ల పేర్లు లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ కాస్తా జాకోబస్ అవుతాడు.

పారిష్ ఏదో తెలియదంటున్నారు గనక ముందు 1864 తర్వాత పుట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్ల జనన రికార్డు ఐరిష్ జీనియాలజీ సైట్‌లో పట్టుకోండి. అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు, బిడ్డ పుట్టిన ఊరు రెండూ ఉంటాయి, ఆ ఊరిని బట్టి పారిష్ ఏదో వెతకొచ్చు. ఐరిష్ ఇంటిపేర్ల ముందు వచ్చే 'ఓ' (O') తీసేసి కూడా చూడండి. సెన్సస్‌లో రాసిన వయసును మాత్రం మరీ నమ్మకండి.